నాలుగో జ్వరం లేచిన పురుగులు

బాగలూరు దాటాక రోడ్డు పక్కన ఒక మల్బరీ తోట ఉంది. ఆకు ముదిరి పసుపు పచ్చగా మారి రాలిపోతూ ఉంటుంది. కొనేవాళ్ళు లేరు. మేకలు తోలేవాళ్ళు కూడా తమ మేకల్ని అటు పోనివ్వరు. ఆ తోట అలా కావడానికి కారణం నేనే. హోసూరు బస్సెక్కితే ఆ పక్క కిటికీ సీటు కోసం చూస్తాను. దొరక్కపోతే నిలబడైనా వంగి చూస్తాను. కళ్ళు చల్లబడతాయి. పక్కన మా ఆయన ఉంటే మాత్రం అటు చూడడు, చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చుంటాడు.

మనసు పెద్దది చేసుకోమని నాకు చాలామంది చెప్పారు. మా అత్త చెప్పింది, గుళ్ళో పూజారి చెప్పాడు, ఆఖరికి మా ఆయన కూడా చెప్పాడు. నా మనసు దేవుడిచ్చినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దాన్ని సాగదీసే ఓపిక నాకు లేదు.

మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుగుల గదికి ఉన్న మర్యాద మా ఇంట్లో దేవుడి గదికి కూడా లేదు. పౌడరు రాసుకుని లోపలికి పోకూడదు, పూలు పెట్టుకుని పోకూడదు, పొగాకు నమిలిన నోటితో గడప దాటకూడదు. సున్నం చల్లిన గుమ్మం తొక్కి, చేతులు కడుక్కుని, అప్పుడు లోపలికి. ఆకు కోసే ముందు ఇంకో పద్ధతి ఉంది. పక్క చేలల్లో టమోటాకో క్యాబేజీకో ఎవరైనా మందు కొట్టి ఉంటే గాలికి మా ఆకు మీద పడుతుంది. కంటికి కనబడదు, ముక్కుకూ తెలియదు. అందుకని గట్టు పక్క ఆకు గుప్పెడు తెచ్చి నాలుగు పురుగులకు పెడతాం. పోయి కాఫీ తాగి వస్తాం. పురుగులు తల వంచుకుని తింటూ ఉంటే ఆకు మంచిదని అర్థం. తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కితే ఆ రోజు ఆ వైపు కొడవలి పెట్టం. మా అత్త నాకు నేర్పింది, ఆమెకు వాళ్ళ అత్త నేర్పింది.

మా ఆయన మాత్రం పురుగుల పని సగమే చేసేవాడు. మిగతా సగం రోజా తోటలో. మా ఊరి ఆయనే ఒకడు పాలీహౌస్‌లు, అంటే ప్లాస్టిక్ కప్పిన పెద్ద పందిళ్ళు, కట్టి గులాబీలు పెంచేవాడు. రక్తసంబంధం లేకపోయినా ఊరి వరసన నాకు అన్న, ఆయన నన్ను చెల్లా అని పిలుస్తాడు. ఆ తోటలో మా ఆయన పని మందు కొట్టడం. ఫిబ్రవరి నెలలో ఎక్కడెక్కడో ప్రేమించుకునే వాళ్ళ కోసం పువ్వు మీద మచ్చ లేకుండా ఉండాలి కదా, జనవరి అంతా మోటారు ఆగేది కాదు. మందు బయటికి పోతే దండగని చుట్టూ పరదాలు దించేసి లోపల కొట్టించేవాడు అన్న. లోపల ఉడుకు. మా ఆయన మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు. కాసేపటికి ఆ తువ్వాలే మందులో ముంచినట్టు అయ్యేది. మాస్కు అడిగితే, "దాంట్లో ఊపిరాడదప్పా, పని సాగదు," అనేవాడు అన్న. పని అయ్యాక అందరికీ ఒక అరటిపండు, ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. బెల్లం తింటే లోపలికి పోయిన మందు దిగిపోతుందట.

మందు కొట్టిన రోజు ఆయన ఇంటికి వస్తూ ఉంటే నేను దూరం నుంచే అరిచేదాన్ని.

"ఆడే నిలబడు! తొట్టి దగ్గరే గుడ్డలిప్పు. స్నానం చేసి రా. పురుగుల పక్క పోవద్దు."

ఆయన నవ్వుతూ తొట్టి దగ్గరే ఆగిపోయేవాడు. మా ఊళ్ళో మందు కొట్టే మగవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. ఆ వాసన తగిలితే పురుగులు చచ్చిపోతాయని ఊరందరికీ తెలుసు. ఆ వాసనను పొద్దంతా పీల్చి వచ్చిన మనిషికి ఏమవుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పురుగుల్ని మనిషి నుంచి అంత బాగా కాపాడుకున్నాం.

ఆయన చెయ్యి వణకడం నేను మొదట చూసింది పురుగులు పండిన రోజున. పండిన పురుగు ఒళ్ళు పసుపు రంగుకు తిరుగుతుంది, గూడు కట్టడానికి చోటు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని మెల్లగా వేళ్ళతో ఎత్తి చంద్రిక మీద వెయ్యాలి. వెదురుతో అల్లిన పెద్ద చాపలాంటిది చంద్రిక, పురుగులు గూళ్ళు కట్టుకునేది దాని మీదే. ఆ రోజు పని తెమలదు, అందుకే ఊళ్ళో ఒకరింటికి ఒకరు సాయం పోతాం. మా ఆయన చేతి వాటం గురించి చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. అంత పెద్ద చేతుల్లో ఒక్క పురుగు కూడా నలిగేది కాదు. ఆ రోజు మాత్రం ఆయన బొటనవేలి కింద పురుగులు చితికిపోతున్నాయి. చెయ్యి దులుపుకుని మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ చితికింది. నా వైపు చూసి, "చలి పట్టినట్టు ఉండాదే," అన్నాడు. మంచి ఎండాకాలం.

హోసూరులో నరాల డాక్టరమ్మ ఆయన్ని నడవమంది, సంతకం పెట్టమంది, ఏం పని చేస్తారని అడిగింది. మందు కొట్టే పని అని చెబితే కలం ఆపి చూసింది. చెయ్యీ కాలూ మన మాట వినేలా చేసే కణాలు కొన్ని మెదడులో ఉంటాయట, అవి చచ్చిపోతున్నాయట. "ఆ మందుల వల్ల కావచ్చు. ఖచ్చితంగా చెప్పలేం," అంది. ఆ కావచ్చు అనే మాట మీద నాకు అప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

నేను రోజా తోటకు పోయాను. కొట్లాడటానికి పోలేదు, పైట కొంగు భుజం చుట్టూ కప్పుకుని మర్యాదగానే పోయాను. అడిగింది రెండే మాటలు. మా ఆయనకు మొక్కలు కత్తిరించే పనేదైనా ఇవ్వండి, మిగతా వాళ్ళ చేత పరదాలు దించి మందు కొట్టించకండి, అని. అన్న తల ఊపాడు. "చూస్తాంలే చెల్లా," అన్నాడు. కాఫీ కూడా ఇప్పించాడు.

మర్నాడు పొద్దున పాల డైరీ దగ్గర క్యాను పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. ముందు మగవాళ్ళు నలుగురు. మధ్యలో అన్న. నన్ను చూడలేదు.

"వానికి యాడి రోగమప్పా? పొద్దన్నే సారాయి ఏసుకుంటే చేతులు వణక్కుండా ఏం చేస్తాయి? ఇప్పుడు నా మీద పెట్టేదానికి చూస్తా ఉండారు."

నలుగురూ నవ్వారు. నా చేతిలో పాలు తొణికి పాదాల మీద పడ్డాయి. పురుగుల ఇల్లని పొగాకు కూడా ముట్టని మనిషి మా ఆయన. ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సింది, కానీ కోపం ఎక్కువైతే నాకు నోరు రాదు. ఎందుకన్నాడో తర్వాత అర్థమైంది. మందు వల్ల అని ఒకరికి ఒప్పుకుంటే ఆ తోటలో మందు కొట్టిన వాళ్ళంతా వరుసగా వచ్చి నిలబడతారు. సారాయి అంటే ఎవరూ రారు.

ఊరు ఆ మాటను ఎంత సుఖంగా నమ్మిందో. మా ఆయన తూలుతూ నడిచొస్తే కుర్రకారు దారి వదిలి పక్కకు జరిగేవాళ్ళు, నవ్వు దాచుకోకుండా. ఆ తర్వాత ఎవరింట్లో పురుగులు పండినా ఆయన్ని పిలవలేదు. మా పక్కింట్లో పండినప్పుడు ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చున్నాడు. పిలుస్తారని. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. లోపలికి వచ్చి, "పోనీలే, ఈ చేతుల్తో ఏం చేస్తాను," అన్నాడు. ఆయనకు అన్నీ పోనీలే. నేను ఆ రోజే అనుకున్నాను, ఏ నోటితో ఆ మాట అన్నాడో ఆ నోరు నలుగురిలో మూయిస్తానని. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే అన్నా బాగున్నావా అని నవ్వుతూ పలకరించేదాన్ని. నవ్వులో కూడా పదును దాచిపెట్టుకోవచ్చు.

కాలం నాకు సాయం చేసింది. రోజాల ధర పడిపోయింది. దానికి తోడు పరదాలు దించితే లోపలికి రామని మందు కొట్టేవాళ్ళు మొండికేశారు, మా ఆయన్ని చూసి భయం పట్టుకుంది వాళ్ళకు. బయటికి నవ్వినా సారాయి కథను లోపల నమ్మలేదన్న మాట. అన్న పరదాలు ఎత్తించాడు. రెండు పాలీహౌస్‌లు పీకించి ఆ చోట మల్బరీ నాటించాడు, మిగిలిన రోజాల పక్కనే. పురుగుల కోసం కాదు. మల్బరీలో ఉండే పదార్థాలు మెదడు కణాలను విషం నుంచి కాపాడతాయని ఎక్కడో విన్నాడు. ఆకు ఎండబెట్టి, పొడి కొట్టి, కషాయానికని పొట్లాలు కట్టి, మెదడుకు కవచం అని పేరు పెట్టాడు.

ఒక రోజు ఆ పొట్లాలు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"పాపం, వీడు నా దగ్గర పనిచేసినోడు. నెల నెలా ఊరికే ఇస్తాను. వణుకు ఖచ్చితంగా పోతుంది చెల్లా," అన్నాడు. పోతూ పోతూ మా ఆయన పొట్లం పట్టుకుని నిలబడినట్టు ఫోటో తీసుకున్నాడు.

మా ఆయన పొద్దున్నే వేడినీళ్ళలో ఆ పొడి కలుపుకుని తాగడం మొదలుపెట్టాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ, ఎంతో శ్రద్ధగా. "అన్న మంచోడే. నోరు జారినాడు అప్పుడు," అనేవాడు. ఒలికింది నేను తుడిచేదాన్ని.

మా కూతురు బెంగళూరులో మెదడు కణాల మీద పరిశోధనలు చేసే చోటే పనిచేస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు ఆ పొట్లం చూపించి, ఇదంతా అబద్ధమే కదా అని అడిగాను. అబద్ధమని చెబుతుందని ఆశ.

"అబద్ధం కాదు మా," అంది. "చెట్టు తనను తాను కాపాడుకునేదానికి కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. మల్బరీలో ఉండాయి, పసుపులో ఉండాయి, సరస్వతి ఆకులో ఉండాయి. మేము గిన్నెల్లో కణాలు పెంచి వాటి మీద విషం వేస్తాం. ముందే ఈ రసం ఇచ్చిన కణాలు కొన్ని బతుకుతాయి. ఎలుకల్లో కూడా కొంత చూసినారు. మనుషుల్లో కావచ్చు, ఇంకా తెలియదు."

"మళ్ళీ కావచ్చేనా?"

"అంతే మా. అది కూడా ముందు ఇస్తేనే. చచ్చిపోయిన కణాన్ని ఏ ఆకూ లేపలేదు. నాయన డాక్టరమ్మ మాత్రలు మానకూడదు." పొట్లం తిప్పి చూసి, వాసన చూసి, "ఆకు మంచిదే. ఆకు మీద ఏం పడిందో ఎవరికి తెలుసు? రోజాల పక్కనే కదా తోట?" అంది.

నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కోపంతో కాదు, సంతోషంతో. తెలిసినవాళ్ళందరూ కావచ్చు అంటున్నారు, తెలియనివాడు ఒక్కడే ఖచ్చితంగా అంటున్నాడు. కావచ్చు అని అనని సాక్షులు నా గదిలో తట్టల నిండా ఉన్నారు. మర్నాడు అన్న ఇచ్చిన పొడి పొయ్యిలో పోసి, మా గట్టు లోపలి ఆకు, పురుగులు తిని ఒప్పుకున్న ఆకు, ఎండబెట్టి దంచి అదే డబ్బాలో పోశాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన అన్న దగ్గరకు పోయి చెప్పేస్తాడు, అంత మంచివాడు.

పొడి అమ్మకానికి పెద్ద ఫంక్షను పెడుతున్నానని, మా ఆయన వచ్చి మైకులో రెండు మాటలు చెప్పాలని అన్న కబురు పంపాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. నేను పురుగుల లెక్క చూసుకున్నాను. పురుగు పాత చర్మం వదిలే ముందు తిండి మానేసి తల ఎత్తి కదలకుండా ఉంటుంది, దాన్నే మేము జ్వరం అంటాం. అలాంటివి నాలుగు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూడాల్సిందే, తట్ట కూడా తినేస్తుందేమో అనిపిస్తుంది. ఫంక్షను రోజుకు సరిగ్గా నా పురుగులు నాలుగో జ్వరం లేచాయి. దేవుడు అప్పుడప్పుడు నా పక్షాన కూడా ఉంటాడు. పైగా ముందు రోజు రోజా తోటలో మోటారు శబ్దం విన్నాను. వచ్చేవాళ్ళ కళ్ళకు పువ్వు నిగనిగలాడాలని కొట్టించి ఉంటాడు. పరదాలు ఎత్తే ఉన్నాయి. గాలి మల్బరీ వైపు ఉంది.

షామియానా కింద ఊరు ఊరంతా ఉంది. బెంగళూరు నుంచి పొడి కొనే వాళ్ళు, హోసూరు అంగళ్ళ వాళ్ళు ముందు వరుసలో. నేను మా ఆకు ఒక సంచిలో వేసుకుని, రెండు తట్టలు పైన గుడ్డ కప్పి తీసుకుపోయాను. రెండిట్లోనూ ఒకే మేత మేసిన పురుగులు. అన్న మైకులో తెలుగు, తమిళం, కన్నడం కలిపి దంచుతున్నాడు. మా తోటలో విషం అనే మాటే లేదన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"అన్నా, మనుషుల మెదడునే కాపాడే ఆకు కదా. నా పురుగులకి కూడా ఇంత పెట్టించు. ఆకలితో ఉండాయి."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. "పెట్టుకోమ్మా, నీ పురుగులకి కూడా తెలివి వస్తుంది," అని మైకులోనే అని, పనివాడి చేత తోటలోంచి కొమ్మలు కోయించి తెప్పించాడు. అందరూ చూస్తుండగా ఒక తట్టలో ఆయన ఆకు, ఇంకో తట్టలో నా ఆకు పరిచాను. పురుగులు మేపే వాళ్ళు ఊళ్ళో చాలామంది. వాళ్ళకు విషయం అర్థమైపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కుర్చీలు వదిలి నా తట్టల చుట్టూ చేరారు.

రెండు తట్టల్లోనూ పురుగులు కరకరా తింటున్నాయి. నేను కన్నార్పలేదు. వెనకాల కషాయం పంచుతున్నారు, మా ఆయన్ని మైకు దగ్గరకు పిలిచారు, ఆయన ఏదో చెబుతున్నాడు. "నాకు... కొంచెం మేలుగానే ఉండాది... అన్న దయ," అని వినబడింది. ఆ మేలు నా డబ్బాలోదని నాకొక్కదానికే తెలుసు. తల తిప్పలేదు. కక్కండి, కక్కండి అని లోపల మొక్కుకుంటున్నాను. ఏ దేవుడికీ అంత గట్టిగా మొక్కలేదు.

మొదట ఒక పురుగు తినడం ఆపింది. తల ఎత్తింది. అటూ ఇటూ ఊపింది. దాని పక్కది కూడా ఎత్తింది. చూస్తూ ఉండగానే ఆ తట్టంతా తలలు లేచి ఊగుతున్నాయి, నోళ్ళలోంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళు ముడుచుకుంటున్నాయి. రెండో తట్టలో ఏమీ పట్టనట్టు తింటూనే ఉన్నాయి.

"ఆ పురుగులకి రోగం ఉండాది," అన్నాడు అన్న. ముఖంలో నెత్తురు లేదు.

"ఈ తట్టలోవి బాగనే తింటా ఉండాయి కదన్నా," అంది మా పక్కింటామె, మా ఆయన్ని పిలవని ఆమె.

నేను ఊగుతున్న పురుగుల తట్ట రెండు చేతులతో ఎత్తి అందరికీ కనబడేలా పట్టుకున్నాను. ఈసారి నోరు వచ్చింది.

"అన్నా, నా మొగుని చేతులు సారాయికి వణుకుతా ఉండాయని పాల డైరీ కాడ చెప్పినావే. ఈ పురుగులు ఏ సారాయి తాగినాయో అది కూడా మైకులో చెప్పు."

ఎవరూ నవ్వలేదు. ఆనాడు డైరీ దగ్గర నవ్విన నలుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు, తల దించుకున్నారు. అన్న మైకు దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. ఎన్నాళ్ళు ఆకలితో ఉన్నానో నాకు అప్పుడు తెలిసింది. ఒళ్ళంతా తీపెక్కింది. బెంగళూరు వాళ్ళు చేతిలో కాగితం కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కుర్చీ కింద పెట్టేశారు. వాళ్ళను చూసి వెనక వరుస పెట్టేసింది. ఆ తోటలో అప్పుడే కోసిన ఆకుతో కాచిన కషాయం అది. కప్పులన్నీ నిండుగా నేల మీద వరుసగా కనబడ్డాయి.

అప్పుడు మా ఆయన వైపు చూశాను. నా గెలుపు ఆయన ముఖంలో చూసుకుందామని. ఆయన మైకు ముందే నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో కప్పు పట్టుకుని ఉన్నాడు. ఒలుకుతుందని భయంతో పట్టుకునేవాడు ఎప్పుడూ, ఇప్పుడు ఒలకడానికి అందులో ఏమీ లేదు. తట్టలో ఊగుతున్న తలల్ని చూశాడు, కప్పులోకి చూశాడు, నన్ను చూశాడు.

"నేను తాగేసినాను కదే," అన్నాడు.

మైకు ఆఫ్ చేయాలని ఎవరికీ తోచలేదు. ఆ మాట తోటంతా వినబడింది.